గిన్నెలు సర్దడం రాని కోడలు

పోర్టులో ఓడల్లోకి సరుకు సర్దించే మా ఆయన, నేను డిష్‌వాషర్‌లో సర్దిన కంచాలు చూసి తల పట్టుకున్నారు.

"ఏటిది? కంచాలు ఇలా అతుక్కుంటే మద్దెలోకి నీళ్లెలా ఎల్తాయి? రోజూ సెప్తన్నాను కదా."

నేను తల దించుకున్నాను.

"అమ్మా, దీనికి ఈ జన్మలో రాదు," అంటూ లుంగీ ఎగ్గట్టి, అన్నీ బయటికి తీసి, మెతుకులు దులిపి, ఒక్కొక్క కంచమే ఎడంగా నిలబెట్టడం మొదలుపెట్టారు.

"నువ్వు కానీరా. దీని సంగతి నాను సూత్తాను," అని అత్తయ్య నన్ను బాల్కనీలోకి లాక్కెళ్లారు.

తలుపు దగ్గరగా వేసి, నా చేతికి టీ గ్లాసు ఇచ్చారు.

"రేపు కంచాలు సరిగ్గా పెట్టీసి, గిన్నెలు వెల్లకిలా పెట్టమ్మా. ఒకే తప్పు రోజూ సేత్తే ఆడికి అనుమానం వొత్తాది," అన్నారు మెల్లగా.