ఫారిన్ గది

పోలీసాయన రేపు పొద్దున ఇల్లు చూడటానికి వస్తున్నాడని ఫోన్ రాగానే రూప్లి చేసిన మొదటి పని, నట్టింట్లో పడుకున్న మేకపిల్లను బయటికి తోలడం. రెండో పని, పక్కింటి రాంబాబును కేకేయడం.

వస్తున్నది దొంగతనం గురించో కొట్లాట గురించో కాదు. వీసా గురించి. ఇల్లందు దాటాక అడవి అంచున ఉన్న ఆ తండాలో, రూప్లి వాళ్లింట్లో ఒక విదేశీ మనిషి ఉంటున్నట్టు కాగితాల్లో ఉంది. వీసా గడువు పెంచాలంటే ఆ మనిషి నిజంగా అక్కడే ఉంటున్నదా, లేక ఉత్త అడ్రసు చూపించి ఇంకెక్కడో తిరుగుతున్నదా అని పోలీసులు వచ్చి చూసి రాయాలి. లేదని రాశారా, మూటాముల్లె సర్దుకుని దేశం దాటాల్సిందే.

ఆ మాట వినగానే రూప్లి కొంగు బిగించింది. తన చేతి రొట్టె తిన్న మనిషిని ఎవరో ఎక్కడో కూర్చుని పొమ్మంటే ఎక్కించి పంపడానికి తన ఇల్లేమన్నా బస్టాండా? ససేమిరా కుదరదు. ఇల్లు చూడగానే ఫారిన్ మనిషి ఉండే ఇల్లులా కనిపించాలి, అంతే.

చిక్కల్లా అక్కడే వచ్చింది. అద్దాలకుట్టు నేర్చుకుంటానని తండాకు వచ్చిన తెల్లామెను చూసి తెలుసుకున్నదే రూప్లికి ఈ విషయంలో ఉన్న చదువంతా. ఫారిన్ వాళ్లు బ్రెడ్డు తింటారు, ముళ్ల చెంచా వాడతారు, కింద కూర్చోలేరు. కిరాణా కొట్టు రాంబాబు అంతకన్నా ఘనుడు. భద్రాచలంలో ఏదో లాడ్జీలో కొన్నాళ్లు రూములు సర్దాడు గనుక ఇలాంటి సంగతుల్లో తండా మొత్తానికీ ఆయన మాటే వేదం.

రాంబాబు చెప్పడం, కోటేష్ ఆటోలో మోసుకురావడం. కోటేష్ రూప్లి కొడుకు. కువైట్‌లో డ్రైవరు పని మానుకుని, పెళ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చాక ఇల్లందులో ఆటో నడుపుకుంటున్నాడు. సాయంత్రానికల్లా పక్కగదిలోని మిరపకాయ బస్తాలు బయటికి పోయాయి. స్ప్రింగు పరుపు, గులాబీ రంగు కర్టెను, బ్రెడ్డు, జాము సీసా లోపలికి వచ్చాయి. నడవలేని ముసలివాళ్ల కోసం మందుల షాపులో అమ్మే కమోడు కుర్చీ కూడా ఒకటి దిగింది. దాన్ని ఎక్కడ పెట్టాలో రాంబాబుకూ తెలియలేదు. గాలి బాగా వస్తుందని కిటికీ పక్కన వేయించాడు.

కోడలు సువర్ణ నడుం మీద చెయ్యేసుకుని ఇదంతా చూసింది. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్ల. అన్నింట్లోనూ కొబ్బరి వేస్తుందని రూప్లి రోజూ సణుగుతుంది. ఆ కొబ్బరి పచ్చడి లేనిదే తనకు రొట్టె దిగదని మాత్రం ఒప్పుకోదు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఇంట్లో మాట్లాడే లంబాడీ ఒక్క ముక్క అర్థంకాక బిక్కమొహం వేసేది. ఇప్పుడు ఆ భాషలోనే మేకలను తిడుతుంది. అత్తను యాడీ అని, అంటే అమ్మా అని పిలుస్తుంది.

"గిదంతా ఎందుకు యాడీ? ఉన్నది ఉన్నట్టు సూపిద్దాం," అంది సువర్ణ.

"ఫారినోళ్ల సంగతి నీకేమెరుక పిల్లా? నువ్వు సప్పుడు జేయకు," అంది రూప్లి.

సువర్ణ అత్త ముఖంలోకి ఒకసారి చూసి పగలబడి నవ్వింది. కోటేష్ కూడా నవ్వాడు. రూప్లికి ఒళ్లు మండింది. ఇక్కడ కొంపలు అంటుకుంటుంటే వీళ్లకు నవ్వులాటగా ఉంది!

మర్నాడు పోలీసాయన వచ్చాడు. పేరు రవీందర్. పైవాళ్లు ఆయనకు ఇంటి యజమాని పేరు, తండా పేరు మాత్రమే చెప్పారట. తక్కినవన్నీ అక్కడే చూసుకోమన్నారట. రూప్లి ఆయన్ని నేరుగా గదిలోకి తీసుకెళ్లింది.

ఆయన పరుపు మీద చెయ్యి వేస్తే ప్లాస్టిక్ కవరు కరకరలాడింది. ముళ్ల చెంచాలు అట్టకు కుట్టినవి కుట్టినట్టే ఉన్నాయి. జాము సీసా మూత ఎవరూ తిప్పలేదు. కమోడు కుర్చీని మాత్రం చాలాసేపు చూశాడు.

"ఈ గదిల మనిషి పండుకున్న జాడనే లేదు గదమ్మా. నేనేమని రాయాలె?" అన్నాడు.

రూప్లికి కళ్లలో నీళ్లు తిరిగాయి. రాంబాబు అప్పటికే మెల్లగా జారుకున్నాడు. కోటేష్‌కు ఖాకీ చొక్కా కనబడితేనే నోరు పెగలదు.

అప్పుడు సువర్ణ వేడివేడి జొన్నరొట్టె, కొబ్బరి పచ్చడి తెచ్చి రవీందర్ ముందు పెట్టింది. వచ్చిన మనిషి తినకుండా గడప దాటడం ఈ తండాలో లేదని, రాసేదేదో తిన్నాక రాసుకోమని గట్టిగా చెప్పింది. ఆయన బుద్ధిగా కూర్చున్నాడు. తింటూ తింటూ ఇల్లంతా గమనించాడు. మోటారు స్టార్టరు డబ్బా తాళం ఎక్కడని మామ రామ్‌చందర్ సువర్ణనే అడిగాడు. తోడుకు ఇంత పెరుగు కావాలని వచ్చిన పొరుగింటామె సువర్ణనే పిలిచింది. బయటికి తోలిన మేకపిల్ల మళ్లీ లోపలికి దూరి సువర్ణ కాళ్లకే అడ్డం పడింది. రూప్లి అయితే కళ్లు తుడుచుకోవడానికి కూడా సువర్ణ కొంగే లాక్కుంది.

రవీందర్‌కు నవ్వొచ్చింది. "గీ ఇంట్ల నిజంగ ఉంటున్న మనిషంటే నువ్వేనమ్మా. అందుకైతే నేను కండ్లు మూసుకుని సంతకం పెడ్త," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "ఇగ ఆ ఫారినామెను పిలువు. పాస్‌పోర్టు సూసుకుని పోత."

సువర్ణ పిండి చేతులు కొంగుకు తుడుచుకుని, బియ్యం డబ్బాలోంచి తన శ్రీలంక పాస్‌పోర్టు తీసి ఆయన చేతిలో పెట్టింది.