మూడో లైనర్

“భాభీ, ముందు నాకు పెట్టండి. కార్ల ర్యాలీకి వెళ్ళేది నేను!” అంటూ అభిలాష్ షెడ్ గుమ్మంలోనే తల వంచాడు.

షెడ్ నడిపే కిషోర్ భార్య రంజు నవ్వి, వేలితో తడి రోలీ కుంకుమ తీసి అతని నుదుట ఎర్రగా దిద్దింది. బీహార్ ఛప్రాలో వాళ్ళ పుట్టింటి పద్ధతిలో ఆ బొట్టు మీదే బియ్యపు గింజలు అద్దింది. ఆ పిల్ల బిర్సానగర్‌లో కోడలిగా అడుగుపెట్టి రెండు నెలలు. తెలుగు ముక్క రాదు. ఏరికోరి భాష రాని పిల్లని తెచ్చుకున్నారని వీధిలో అమ్మలక్కలు ఇంకా బుగ్గలు నొక్కుకుంటూనే ఉన్నారు. ఆ పిల్ల చేతిలో గ్లాసు జారినా చాలు, వాళ్ళకు వారం రోజుల కబుర్లు.

లోపల అత్తగారు నూకమ్మ పసుపు అక్షింతలు లేతు మీదా, బోరింగ్ మిషన్ మీదా చల్లుతోంది. విశ్వకర్మ పూజ నాడు జంషెడ్‌పూర్‌లో మిషన్లకు సెలవు. ఇంటిల్లిపాదీ వచ్చి వాటికి దణ్ణం పెట్టుకుని పోతారు. నూకమ్మకు మాత్రం షెడ్ కొత్త కాదు. మొగుడు పోలయ్య ఈ షెడ్ పెట్టిన రోజు నుంచీ పొద్దున్నే ఇక్కడ దీపం పెట్టేది ఆమే. ఆయన పోయాక కూడా ఆ దీపం మానలేదు. ఇంట్లో పొయ్యి ఆలస్యంగా వెలిగినా ఆమెకు ఫరవాలేదు గానీ షెడ్‌లో దీపం ఆలస్యమైతే ప్రాణం ఊరుకోదు.

బల్ల మీద అభిలాష్ కారు ఇంజన్ బ్లాక్ ఉంది. టర్బో బిగించాక ఆ ఒత్తిడికి సిలిండర్ గోడలు చిట్లాయి. కిషోర్ ఆ గోడలు తొలిచేసి, నాలుగు గుంటల్లోనూ అడుగున సన్నటి మెట్టు వదిలాడు. గోడలకు బదులు కొత్త ఇనప గొట్టాలు, అంటే లైనర్లు, వచ్చి ఆ మెట్ల మీదే కూర్చోవాలి. ఈ పని బాగా కుదిరితే ర్యాలీ కుర్రాళ్ళంతా తన షెడ్‌కే దారి కడతారని కిషోర్ ఆశ.

అభిలాష్ ఆరని బొట్టుతోనే బ్లాక్ మీదికి వంగి, గుంటలన్నిట్లోకీ ముచ్చటగా తొంగి చూశాడు.

“మస్త్ తీశావన్నా! అద్దంలా ఉంది.”

“రేపు పొద్దున్నే వచ్చీ. నైట్రోజన్ వత్తంది, దించేద్దాం,” అన్నాడు కిషోర్.

నూకమ్మ పళ్లెంతో దగ్గరికి వచ్చింది. “దీని మీద కూడా రెండు గింజలు ఏత్తానురా.”

“దాని మీదొద్దమ్మా! లోపల పడితే కొంప మునుగుద్ది.”

“నాకు తెల్దేటి?” అని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. కానీ మొహం చిన్నబోయింది. కిషోర్ బ్లాక్ మీద గుడ్డ కప్పేశాడు.

మర్నాడు లైనర్లను గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్‌లో ముంచారు. చలికి ముడుచుకున్న లైనర్ ఒక్క ఊపులో దిగాలి. మళ్ళీ వేడెక్కిందంటే ఉన్నచోటే బిగుసుకుపోతుంది. మొదటిది ఠంగున కూర్చుంది. రెండోదీ అంతే. మూడోది దిగింది గానీ ఆ చప్పుడు రాలేదు.

కిషోర్ దాని అంచు మీద గోరు పెట్టి రాశాడు. గోరు తగిలింది.

“కూర్చోలేదు. ఎంట్రుకంత పైకుంది.”

“ఎంట్రుకేగా అన్నా?”

“ఆ ఎంట్రుకే ఇంజన్ని పేల్చేత్తది.”

ఇక లాగితే వచ్చేది కాదు. నిక్షేపం లాంటి లైనర్‌ని మిషన్ మీద తొలిచి రజను చేసి తీయాల్సి వచ్చింది. అడుగున మెట్టు మూలలో చిన్నదేదో నలిగి, నూనెలో నల్లబడి కనిపించింది. కిషోర్ దాన్ని సూదితో గీకి అరచేతిలో వేసుకున్నాడు.

“బియ్యపు గింజ,” అన్నాడు నీరసంగా. “పొద్దున్న గుడ్డెట్టి తుడిసినాను కూడా. అంటుకుపోయినట్టుంది.”

అభిలాష్ మొహం కందగడ్డ అయింది. “ఈ నెలాఖరే ర్యాలీ! ఇంకో లైనర్ ఎప్పుడొస్తుంది? ఎవరేశారో చెప్పు. ఆ మనిషి ఈ షెడ్‌లో తిరిగితే నా బ్లాక్ ఇక్కడ ఉంచను, బస్!”

“ఇలాగియ్యి, సూత్తాను,” అంది నూకమ్మ.

గింజను తీసుకుని కిటికీ వైపు తిరిగింది. కొంగుతో నూనె తుడిచింది. కాసేపు అలాగే చూసి, కొంగు చివర ముడేసుకుంది.

“నానేరా. నువ్వొద్దన్నాక మల్లీ ఎల్లి గుడ్డ తీసి ఏసినాను. మనసూరుకుంది కాదు.”

“ఎన్నిసార్లు సెప్పాలమ్మా నీకు!” కిషోర్ అరిచాడు. “రేపట్నుంచి ఈ షెడ్‌లో కాలెట్టకు.”

అభిలాష్ తల దించుకున్నాడు. పెద్దావిడని అంత మాట అనిపించాల్సింది కాదనుకున్నాడేమో, “సర్లే అన్నా, లైనర్ కోసం నేనూ ఫోన్లు చేస్తా. బ్లాక్ ఇక్కడే ఉండనీ,” అన్నాడు.

రంజు టీ పట్టుకొచ్చి అందరి మొహాలూ చూసింది. “క్యా హువా మాజీ?”

“కుఛ్ నహీ బేటా. వాళ్ళకి చాయ్ దే.”

మర్నాడు పొద్దున్న నూకమ్మ నూనె సీసా, వత్తులు కోడలి చేతిలో పెట్టింది. వచ్చీరాని హిందీలో, “ఆజ్ సే దియా నువ్వే పెట్టు. చావల్ మత్. దీపం చాలు,” అంది.

రంజు ఆ గౌరవానికి పొంగిపోయి అత్తగారి కాళ్ళకు దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళింది. నూకమ్మ గుమ్మం ఇవతలే ఆగిపోయింది. అంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకు. లోపల దీపం వెలిగింది. లేతు తిరగడం మొదలైంది.

ఆమె కళ్ళు తుడుచుకుని ఇంటి ముందున్న తులసి కుండీ దగ్గరికి నడిచింది. కొంగు ముడి విప్పి గింజను మట్టిలో వేసింది.

గింజ పసుపుగా లేదు. ఎర్రగా ఉంది.