ఐదో మూల

బొంతకి అంచు ఎలా వేయాలన్న విషయంలో శివరామకృష్ణయ్య గారింట్లో రెండు రోజులుగా అన్నం మాడుతోంది.

కూతురు కుసుమకుమారికి మూడో నెల. తల్లి హనుమాయమ్మ హడావుడికి మాత్రం తొమ్మిదో నెల.

పుట్టబోయే మనవడికి బొంత కుట్టడానికి రంగవ్వ వచ్చింది. సింధనూరు చుట్టుపక్కల ఊరూరా తిరుగుతూ కౌదులు కుట్టే మనిషి. కోస్తా నుంచి వలసొచ్చి ఇక్కడ క్యాంపు కట్టుకున్న వాళ్లు బొంత అంటే, ఆమె కౌది అంటుంది. చలికి తేడా తెలీదు.

ముగ్గురు అమ్మలక్కలు వచ్చి, నాలుగు సలహాలిచ్చి, ఐదు కాఫీలు తాగారు.

"కింది గుడ్డే పైకి మడిచి కుట్టించు వదినా. సుఖం."

"మడతేవిటి, నాటుగా! రాయచూరు నుంచి సిల్కు రిబ్బను తెప్పించండి."

రంగవ్వ సూది ఆపలేదు.

"అవన్నీ ఒద్దమ్మ. యేరే పట్టీ కోసి సుట్టూ తిప్పుత. ఈ మూల కాడ మడత తిరగదు."

అప్పుడు చూసింది హనుమాయమ్మ. బొంత ఒక మూల నాలుకలా జానెడు బయటికి వచ్చి ఉంది.

"ఇదేవిటి రంగవ్వా? ఏ బొంతకైనా నాలుగు మూలలు. ఇది ఐదోది!"

"ఉండనియ్యమ్మ. కూలి గూడ ఒద్దు నాకు. ఆ మూల సుట్టూ పట్టీ తిప్పనియ్యి. గంతే."

కూలి వద్దనే మనిషిని హనుమాయమ్మ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. భయమేసి మొగుణ్ణి పిలిచింది.

శివరామకృష్ణయ్యకి వంకరంటే పడదు. నాలుగేళ్ల కిందట కృష్ణా జిల్లా నుంచి వచ్చి, బసవప్ప అనే రైతు దగ్గర ఈ పొలం కొన్నాడు. వారం తిరక్కుండా తాడు పట్టి గట్లన్నీ తిన్నగా వేయించాడు. తాడుకి అవతల మిగిలిన ముక్క మీదుగా నీళ్ల బోదె తవ్వించాడు. ఆయన సంతకం ఒక్కటే ఇంకా తాడుకి లొంగలేదు.

ఇప్పుడు బొంతకీ తాడు పట్టాడు.

"జానెడు ఎక్కువుంది. కత్తిరించెయ్."

రంగవ్వ ఆ మూల మీద చెయ్యి పెట్టింది.

"కొయ్యకుండ్రయ్యా. మీ కాల్మొక్కుత."

"అయితే నా మనవడు వంకరగా పడుకోవాలా?"

కత్తెర హనుమాయమ్మే వేసింది.

ముక్క నేల మీద పడకముందే రంగవ్వ ఒడి పట్టింది.

తర్వాత మడత అంచే కుట్టింది. తాడు సిగ్గుపడేంత తిన్నగా.

"నీ కూలి తీసుకో."

"ముట్టిందమ్మ" అంది రంగవ్వ, ఒడి మూటగట్టుకుంటూ.

వెళ్తూ వెళ్తూ, మిట్టమధ్యాహ్నం ఎండలో బోదె గట్టు మీద చాలాసేపు కూర్చుంది.

"నీడలో కూర్చోరాదూ?" అని కేకేసింది హనుమాయమ్మ.

"ఈడ్నే సల్లగుంది."

"వీళ్ల తీరే అంత" అని హనుమాయమ్మ అమ్మలక్కలకి బొంత చూపించడానికి పోయింది.

మనవడు పుట్టాడు. బొంత మీద బోర్లా కూడా పడ్డాడు.

ఒకరోజు ఊరి తలారి హుసేనప్ప, కాలువ వాళ్లు అడిగారని పాత నక్షా తెచ్చి అరుగు మీద పరిచాడు. గట్లు తిన్నగా కాకముందు పొలం ఎలా ఉండేదో అందులో ఉంది.

హనుమాయమ్మ నక్షా చూసింది. మనవడి కింద బొంత చూసింది.

"ఏవండీ, ఇది మన బొంత!"

నక్షాలో బావి ఉన్నచోట బొంతలో నీలం ముక్క. బండ ఉన్నచోట బూడిద ముక్క. నక్షాలో నాలుకలా బయటికొచ్చిన మూల ఒక్కటే బొంతలో లేదు.

"ఇది కుట్టిన రంగవ్వ ఎక్కడుంది హుసేనప్పా?"

"ఊరిడిసి ఆర్నెల్లాయె. ఏడుందో ఎవరికెరుక?"

"ఆవిడకి మా పొలం సంగతి ఎలా తెలుసు?"

హుసేనప్ప బోదె వైపు చూశాడు. నీళ్లు నిండుగా, తిన్నగా పారుతున్నాయి.

"బసవప్ప పెండ్లామే గదమ్మ ఆమె. పొలమంత అమ్ముకో, గా మూలొక్కటి ఇడిసిపెట్టుమని మొగుని కాళ్లు పట్టుకున్నది" అన్నాడు. "మూడేండ్ల బిడ్డను మన్నుల పండబెట్టుకున్న జాగ అది."