పిల్లికి పట్టిన దగ్గు

దొంగకు రాకూడని జబ్బు ఏదైనా ఉందంటే అది దగ్గే. అడుగుల చప్పుడు వినిపించదని తోటి దొంగలు ‘పిల్లి’ అని పేరు పెట్టినవాడికి సరిగ్గా అదే పట్టుకుంది. వరసగా మూడిళ్లలో బీరువా దాకా వెళ్లేసరికి గొంతులో గరగర మొదలైంది. మూడో ఇంటాయన నిద్రలోనే, “మామయ్యా, మంచినీళ్లు తాగి పడుకోండి” అన్నాడు. అదృష్టం ప్రతిసారీ అంత మర్యాదగా పలకరించదు.

పనికి వెళ్తే జైలు, మానేస్తే దాచిందంతా హారతికర్పూరం. పిల్లి దేవుడికి మొక్కుకున్నాడు. దొంగ మొర ఆయన వింటాడో లేదోనని మొక్కులో వృత్తి సంగతి దాచాడు. ఆయనకు తెలియకపోతుందా అంటే, తెలిసినా చూసీచూడనట్టు పోతాడని ఆశ.

ఆ మర్నాడే ఎవరో ఆకులమ్మ పేరు చెప్పారు. ముసలావిడ. ఒంటరిగా ఉంటుంది. పెరడంతా పాత బకెట్లలో, రంగు డబ్బాల్లో తులసి, పుదీనా, వామాకు, అడ్డసరం. పైసా పుచ్చుకోకుండా మందిస్తుంది. ఇంట్లో ఇనప బీరువా కూడా ఉందట. దగ్గు తగ్గాక బోణీ అక్కడే చేయాలని పిల్లి నిశ్చయించుకున్నాడు.

“ఏం పని చేస్తావు నాయనా?” అని అడిగింది ఆకులమ్మ, అతని వీపుకు చెవి ఆనించి.

“రాత్రి కాపలా, అవ్వా.”

“మంచులో తిరుగుడన్నమాట. చూడూ, మందిచ్చేవాళ్ల దగ్గర నిజం చెప్పాలి. ఇల్లెక్కడ? దుమ్ముందా?”

“చెరువుగట్టు సందులో చివరిల్లు. అటక మీద పాత పరుపుంది. దాన్ని దులపం.”

“ఏం?”

“కదపకూడదులే అవ్వా.”

“సరే. గాలి ఆడుతుందా మరి?”

“వెనక తలుపుకి గడియ ఊడింది. కావలసినంత గాలి.”

“పగలు వేళకింత కషాయం కాచి పోయడానికి మీ ఆవిడ ఉంటుందా?”

“ఎక్కడ? కుట్టుపనికి పోతే సాయంత్రం దాకా రాదు.”

“అయితే నువ్వే రోజూ ఇక్కడికి వచ్చి తాగిపో.”

మొదటి గుక్కకే పిల్లి మొహం వంకర తిరిగింది. “ఇది మందా, శిక్షా?”

“పాపాలున్నవాళ్లకి కాస్త చేదెక్కువ” అంది ఆకులమ్మ.

పిల్లి గ్లాసు దించి ఆవిడ వంక అనుమానంగా చూశాడు. కానీ ఆవిడ అప్పటికే వామాకు డబ్బాలో నీళ్లు పోస్తోంది. అతను గ్లాసు ఖాళీ చేసే వంకతో నడిమి గదిలోని బీరువాను కళ్లతోనే కొలిచాడు. రోజూ అంతే. చేదు గొంతులోకి, చూపు గదిలోకి.

ఎనిమిదో రోజుకు దగ్గు పోయింది. తొమ్మిదో రోజు ఆవిడ పెరట్లో పీట వేసి, మరుగుతున్న ఆకుల గిన్నె ముందు అతణ్ణి కూర్చోబెట్టి దుప్పటి కప్పింది.

“ఇదే ఆఖరిది. నీళ్లు చల్లారినా గంట దాకా తల ఎత్తకు. ఎత్తావో, దగ్గు మళ్లీ మొదటికొస్తుంది. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుని వస్తా.”

గేటు కిర్రుమంది. పిల్లి వంద దాకా లెక్కపెట్టి దుప్పటి తీశాడు. తొమ్మిది రోజుల పరిచయానికే ఇల్లప్పగించి వెళ్లింది. ఇంత మంచివాళ్లకు దేవుడు కాస్త బుద్ధి కూడా ఇచ్చి ఉండాల్సింది అనుకున్నాడు. వైద్యం చేసిన చేతికి ఒక్క గాజైనా వదిలిపెట్టాలని కూడా అనుకున్నాడు.

ఇనప తీగతో అర నిమిషంలో బీరువా తెరుచుకుంది. ఒక్క దగ్గు రాలేదు. ముసలిదాని మందు నిజంగా గొప్పది.

లోపల గాజులు లేవు. గొలుసులు లేవు. అన్ని అరలూ ఖాళీ. ఒక లావుపాటి నోటుపుస్తకం మాత్రం ఉంది. పేజీకొక రోగి. మోకాళ్ల నొప్పుల నగల వ్యాపారి, నిద్రపట్టని ప్లీడరు, అజీర్తి కాంట్రాక్టరు. ప్రతి పేజీనీ అడ్డంగా కొట్టేసి ఉంది, ఆఖరిదాన్ని తప్ప. పిల్లి దాన్ని కూడబలుక్కుని చదివాడు.

‘పొడి దగ్గు. చెరువుగట్టు సందులో చివరిల్లు. వెనక తలుపుకి గడియ లేదు. పెళ్లాం సాయంత్రం దాకా రాదు. సొత్తు అటక మీద పరుపులో. తొమ్మిదో రోజు ఆవిరికి కూర్చోబెట్టి వెళ్లాలి, గంట చాలు.’