దెయ్యం పెట్టిన టీ

“దెయ్యం బాగుంది. లోపల గడియపెట్టిన గదిలో హత్య కూడా బాగుంది. ఇదొక్కటే నమ్మేట్టు లేదు,” అంది రచయిత భార్య. ఒక చేత్తో భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ, రెండో చేత్తో అతని కొత్త నవల కాగితాలు తిప్పుతోంది. ఆమె చదవందే ఏ నవలా అచ్చుకు పోదు.

“ఏది?” అన్నాడు రచయిత.

“చచ్చిపోయిన మొగుడు రోజూ పొద్దున్నే వచ్చి పెళ్లానికి టీ పెట్టివ్వడం.”

“దెయ్యాన్ని నమ్మి, టీని నమ్మవా?”

“బతికుండగా ఒక్కనాడైనా పెట్టాడా, చచ్చాక పెట్టడానికి?” అని ఎర్రపెన్నుతో ఆ పేరా కొట్టేసింది.

రచయిత ముఖం చిన్నబోయింది. “మరి, అతన్ని చంపింది భార్యేనంటే పాఠకులు నమ్ముతారా? కారణమే ఇంకా తట్టలేదు.”

“నిక్షేపంగా నమ్ముతారు. కారణం రాయక్కర్లేదు.”

అతను కాసేపు ఇస్త్రీపెట్టె వైపు చూశాడు. లేచి వంటింట్లోకి వెళ్లాడు.

“టీపొడి ఎక్కడుందోయ్?”

“మీ దెయ్యం ఎవర్నీ అడగలేదే!”

డబ్బాల చప్పుడైంది. ఏదో కింద పడింది. చివరికి కప్పు వచ్చింది. టీ పాకంలా ఉంది. ఆమె చుక్క మిగల్చకుండా తాగి, కొట్టేసిన పేరా పక్కన ‘ఉంచాలి’ అని రాసింది.

“నమ్మకం కుదిరిందా?” అన్నాడతను ఆశగా.

“కుదిరింది. హంతకురాలిని మాత్రం మార్చకండి.”