మాట వినని కోడలు

“చక్రవర్తి బొమ్మ ముందు చిటికెడు సాంబ్రాణి వేసి ఇంటికి పోమ్మా. లేకపోతే నీ తల తీయించాలి,” స్ముర్న పట్టణపు న్యాయాధికారి మూడోసారి బతిమాలాడు. ఆయనకు భోజనం వేళ దాటిపోతోంది.

“వెయ్యనండి. నేను క్రైస్తవురాలిని,” అంది త్రుఫేనా.

ఆమె అత్త అమ్మియా జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

“దీని మొహం, ఇది క్రైస్తవురాలేమిటి దొరా? వాళ్లు పెద్దల మాట జవదాటరట. ఇది నా మాట ఒక్కనాడూ విన్న పాపాన పోలేదు. మీరే చూడండి. ఒసే, సాంబ్రాణి వెయ్యి.”

“వెయ్యను అత్తా.”

“చూశారా?”

న్యాయాధికారి నవ్వుతూ లేచాడు. “నీ కోడల్ని ఇంటికి తీసుకుపో.”

వీధిలోకొచ్చాక త్రుఫేనా నిలదీసింది. “అంత అబద్ధమా? బాప్తిస్మం పుచ్చుకున్నాక నీ మాట ఎప్పుడైనా కాదన్నానా?”

“లేదే,” అమ్మియా చెమట తుడుచుకుంది. “ఇవాళ కూడా వినేస్తావేమోనని హడలి చచ్చాను.”