ఉగ్రనరసింహం కామెంట్లు

కేశవ గడప దాటక చాన్నాళ్లయింది.

నంద్యాల ఎండలకు ఇల్లు పెనంలా కాలుతున్నా కిటికీలు తెరవనివ్వడు. కాలేజీకి సెలవు పెట్టాడు. వీధిలో మోటార్ సైకిల్ ఆగిన చప్పుడైతే చాలు, లేచిపోయి తలుపు గడియ చూసుకుంటాడు. పాలకూ కూరగాయలకూ భార్య గోదాదేవే పోయి వస్తోంది.

ఇదంతా బ్లాగు తెచ్చిన తంటా.

కేశవ ఓ ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెబుతాడు. రెండు వేల ఏడులో ఇంటికి నెట్ పెట్టించుకున్నాడు. పెట్టించుకున్నవాడు మెయిళ్లు చూసుకుంటూ ఊరుకోకూడదా? తెలుగులో బ్లాగు మొదలెట్టాడు. మతాల పిచ్చి ముదిరి లోకంలో ఎక్కడెక్కడ యుద్ధాలు రగులుతున్నాయో, దేవుడి పేరు చెప్పి ఎవరెవరు తుపాకులు అమ్ముకుంటున్నారో రాసేవాడు. మొదట్లో అతను కాగితం మీద రాసిస్తే గోదాదేవే టైపు చేసిపెట్టేది.

బాగ్దాద్ గురించీ బెల్‌ఫాస్ట్ గురించీ రాసినన్నాళ్లు అందరూ భేష్ అన్నారు. మన జిల్లా గురించి రాసేసరికి మొదలైంది భాగోతం. ఇటువాళ్లు అటువాళ్లకు అమ్ముడుపోయావన్నారు. అటువాళ్లు ఎంతైనా నువ్వు ఇటువాడివేగా అన్నారు. ఏ విషయంలోనూ కలవని రెండు వర్గాలూ కేశవను తిట్టడంలో మాత్రం ఒక్కటయ్యాయి.

ఆ తిట్లు చదివి కేశవ నవ్వుకునేవాడు. గోదాదేవికి మాత్రం నిద్ర పట్టేది కాదు. ఆమె అహోబిలం అర్చకుల ఇంటి ఆడపిల్ల. గట్టిగా ఓ మాట అని ఎరగదు.

"మనకెందుకండీ ఈ రచ్చ? ఎదిగే పిల్లది ఉంది. ఆపేయండి."

"అరిచేవాళ్లను అరవనీవే. నీకివన్నీ తెలీవు. పొయ్యి మీద పాలు పొంగుతాండాయి, చూసుకోపో."

అప్పుడు దిగాడు ఉగ్రనరసింహం.

ఆ పేరుతో వచ్చే కామెంట్లలో బూతులుండవు. రెండే ముక్కలు. మొదటిది ఇదీ: "స్కూటర్ బ్రేకులు సరిగ్గా పడటం లేదని తెలుసు. రోడ్డు మీద ఏమైనా జరగొచ్చు."

కేశవకు ముచ్చెమటలు పోశాయి. బ్రేకుల సంగతి వాడికెట్లా తెలిసింది? అప్పటికప్పుడు స్కూటర్ని మెకానిక్ దగ్గరికి తోసుకుపోయాడు.

మరోటి: "ఏ సందులోంచి వచ్చేదీ, ఏ చొక్కా తొడిగేదీ అంతా తెలుసు. పొద్దు గూకే లోపల ఇల్లు చేరితే మంచిది."

బుద్ధిగా చేరాడు.

ఇంతలో ఆళ్లగడ్డ నుంచి పిలుపొచ్చింది. మత సామరస్యం మీద సభ. అక్కడి టీచర్లు మాట్లాడమన్నారు. గోదాదేవి కాళ్లావేళ్లా పడింది.

"కూరగాయలంగడి కాడ ఇద్దరు అనుకుంటాంటే నా చెవులతో విన్నానండీ. ఆళ్లగడ్డకు రానీ, వాని సంగతి చూద్దాం అంటాండారు."

"ఎవర్నో ఏదో అనుకుంటే అది నన్నేనా? పోకపోతే పిరికోడంటారు" అని చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు కేశవ.

బయల్దేరే ముందు ఎందుకో కంప్యూటర్ తెరిచాడు. "ఆళ్లగడ్డ బస్సు ఎక్కితే తిరిగొచ్చేది అంబులెన్సులోనే. ఉగ్రనరసింహం."

చొక్కా విప్పేశాడు.

ఆ సాయంత్రం సభలో కుర్చీలు గాల్లోకి లేచాయి. కేశవ బదులు మైకు పట్టుకున్న శేషయ్య మాస్టారికి తల పగిలి కుట్లు పడ్డాయి. అంటే వీడు ఉత్త బెదిరింపుల మనిషి కాదు, అన్నంత పనీ చేసే రకం. ఆ రోజు నుంచీ కేశవ ఇంట్లోనే పడి ఉన్నాడు. బ్లాగు మూసేద్దామంటే మనసొప్పదు. రాద్దామంటే చేతులాడవు. "బతికుండగానే బోనులో పడితినే" అని ఓ మధ్యాహ్నం భోరుమన్నాడు. పక్కన కూర్చుని గోదాదేవీ ఏడ్చింది.

ఎన్నాళ్లని ఈ చావు? చివరికి తెగించి, వీధి మొదట్లో ఉండే హెడ్ కానిస్టేబుల్ ఇస్సాకుకు కబురు పెట్టాడు.

"ఏంది సార్, మనిషి ఇట్లయిపోయినారు?" అంటూ వచ్చాడు ఇస్సాకు. కంప్యూటర్ ముందు కూర్చుని కామెంట్లన్నీ తీరిగ్గా చదివాడు. కొన్ని తిట్లకు ఆపుకోలేక నవ్వాడు కూడా. ఉగ్రనరసింహం దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగింది.

"వీడు మీకు బాగా తెలిసినోడే సార్."

"ఎవరప్పా?"

"అదే అంతుబట్టల్యా. ఒకటి మాత్రం చూడండి. తక్కిన నాకొడుకులంతా ఒరే కేశవా, ఏరా కేశవా అని పేరు పెట్టి తిట్టినారు. వీడు ఇన్ని రాసినాడు గదా, యాడన్నా మీ పేరుందా?"

కేశవ పైనుంచి కిందిదాకా వెతికాడు. నిజమే. ఎక్కడా లేదు.

"పోనీలే సార్. కంప్లయింట్ ఇయ్యండి. వాడు యాడ దాక్కున్నా ఈడ్చుకొచ్చి తోలు తీస్తాం."

గోదాదేవి కాఫీ తెచ్చింది. ఇస్సాకు పెన్ను మూత తీశాడు.

"అమ్మా, మీ వాంగ్మూలం గూడా రాసుకోవాల. ఫలానా ఆయన భార్యనని మొదలుపెడతాం. మీ ఆయన పేరు చెప్పండి."

గోదాదేవి పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. తల దించుకుని, "ఆయన్నే అడగండి" అంది.

కేశవ ఓసారి తెర మీది కామెంట్లను, ఓసారి భార్య ముఖాన్నీ చూశాడు.

"పెన్ను జోబులో పెట్టుకోప్పా ఇస్సాకూ. కంప్లయింట్ వద్దులే" అన్నాడు.

పెళ్లయిన నాటి నుంచీ మొగుడి పేరు నోట పలకని గోదాదేవి, ఉగ్రనరసింహమై అతన్ని బెదిరించేటప్పుడు కూడా ఆ పేరు రాయలేకపోయింది.